కారు తిన్నగా ఎందుకు పోదు?

మీ సైకిలు సీటును ఒక చేత్తో పట్టుకుని ముందుకు నడిపించి చూడండి. హ్యాండిలును ఎవరూ పట్టుకోకపోయినా ముందు చక్రం తిన్నగానే పోతుంది. ఇప్పుడు అదే సైకిలును వెనక్కి తొయ్యండి. రెండడుగులు వేసేలోగా హ్యాండిలు గిర్రున ఒక పక్కకు తిరిగిపోతుంది. సైకిలు మారలేదు, నేలా మారలేదు. మారింది నడిచే దిశ ఒక్కటే. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు తెలిస్తే, రోడ్డు మీద ఒక కారు నిలకడగా ఎందుకు పోతుందో, మరొకటి ఎందుకు తూలుతుందో తెలుస్తుంది.

ఆ మధ్య మా బావమరిది కారులో హైదరాబాదు నుంచి విజయవాడ బయలుదేరాం. ఊళ్లో ఉన్నంతసేపూ బండి బాగానే ఉంది. హైవే ఎక్కి వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటాక, అతను స్టీరింగును క్షణం తీరిక లేకుండా సర్దుతూనే ఉన్నాడు. ఒక లారీని దాటబోతుండగా కారు దానివైపే జరిగింది. "బావా, నేను తిప్పలేదు, బండే పోతోంది!" అన్నాడు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. ఆ వేగంలో ఒక్క సెకను ఏమరినా ఏమవుతుందో ఊహించండి. వేగం తగ్గించి, ఎడమ పక్కనే నెమ్మదిగా నడిపి, సూర్యాపేటలో ఒక మెకానిక్ దగ్గర ఆగాం. కొద్ది రోజుల క్రితం ముందు చక్రం పెద్ద గుంటలో పడి, దానిని మోసే కింది ఆర్మ్ వంగిపోతే మార్పించాడట. ఆ తరువాత చక్రాల కోణాలు మాత్రం కొలిపించలేదు.

మూడు కోణాలు

కారు ముందు చక్రాలు చూడటానికి నిట్టనిలువుగా, ఒకదానికొకటి సమాంతరంగా కనిపిస్తాయి. నిజానికి వాటిని కొద్దిపాటి కోణాలలో అమర్చుతారు. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు పైభాగం మీవైపు వాలి ఉండటం చూశారు కదా! ఫోర్కు ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతను నేల దాకా పొడిగించామనుకోండి. అది చక్రం నేలను తాకే చోటికి కాస్త ముందు పడుతుంది. కనుక చక్రం ఆ గీత వెనకాలే, తాడు కట్టి లాగిన బొమ్మబండిలా నడుస్తుంది. కాస్త పక్కకు తిరిగినా నేల ఘర్షణ దానిని మళ్లీ దారికి తెస్తుంది. వెనక్కి తోసినప్పుడు చక్రం తాకే చోటు ముందుకు వస్తుంది. అప్పుడు అదే ఘర్షణ చక్రాన్ని ఇంకా పక్కకు నెడుతుంది. మలుపు తిరిగాక కారు స్టీరింగు తనంతట తానే నడిమికి రావడానికి ఈ కాస్టర్ ఒక ముఖ్య కారణం. ఇది తగ్గితే స్టీరింగు తేలికవుతుంది గాని, బండి తూలుతుంది. రెండు పక్కలా సమానంగా లేకపోతే తక్కువ ఉన్న పక్కకు లాగుతుంది.

రెండవది కాంబర్. అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలి ఉండటం. ఒక కాగితపు గ్లాసును నేల మీద దొర్లించండి. అది తిన్నగా పోక, సన్నని చివర వైపు వంపు తిరుగుతుంది. వాలిన చక్రం కూడా ఇలాంటి శంకువులో ఒక ముక్కలా ప్రవర్తించి, వాలిన వైపుకే పోజూస్తుంది. రెండు చక్రాలూ సమానంగా వాలితే ఒకదాని లాగుడుకు మరొకటి సరిపోతుంది. తేడా ఉంటే కారు ఒక పక్కకు పోతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది.

మూడవది టో. పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరమూ, వెనుక అంచుల మధ్య దూరమూ ఒకటేనా కాదా అన్నది టో చెబుతుంది. తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. "ఇంత చిన్న తేడాతో ఏమవుతుంది?" అంటారా? లెక్క వేద్దాం. టైరు వ్యాసం 600 మిల్లీమీటర్లు, దూరాలలో తేడా 3 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే 200కు 1. కారు 200 మీటర్లు పోయేసరికి రెండు చక్రాలూ కలిసి 1 మీటరు అడ్డంగా ఈడ్చుకుపోతాయి. 1000 కిలోమీటర్లకు అది 5 కిలోమీటర్లు! టైర్లు అరగక ఏమవుతాయి? పైగా రెండు చక్రాలూ చెరో దిక్కుకు పోజూస్తుంటాయి. గతుకో ఇసుకో తగిలి ఒకదాని పట్టు సడలగానే రెండోది బండిని తన దారిన లాగుతుంది. ముందు చక్రాలు మితిమీరి బయటికి విప్పారితే నిలకడ మరీ పోతుంది.

కారణం పట్టుకోవడం ఎలా?

ఆ పెద్దాయన మా మాట వినగానే పానా పట్టలేదు. ముందుగా నాలుగు టైర్లలో గాలి కొలిచాడు. గాలి తగ్గిన టైరు కూడా బండిని తన వైపు లాగుతుంది. తరువాత, "బ్రేకు వేసినప్పుడే లాగుతోందా, ఎప్పుడూనా?" అని అడిగాడు. బ్రేకు వేసినప్పుడే అయితే తప్పు బ్రేకులలో వెతకాలి. ఒక వేగంలోనే స్టీరింగు వణికితే చక్రాల బ్యాలెన్సింగు చూసుకోవాలి.

పిమ్మట జాకీతో చక్రం లేపి, గడియారంలో 3, 9 అంకెలుండే చోట పట్టుకుని కదిపాడు. అక్కడ లొడలొడలాడితే టై రాడ్ చివరలు అరిగాయన్నమాట. 12, 6 అంకెల చోట కదిలితే బాల్ జాయింటునో బేరింగునో అనుమానించాలి. (జాకీ మీదున్న కారు కిందికి మీరు ఎన్నడూ దూరకండి.) ఏదీ కదలలేదు. ముందు టైర్లను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి నడిపి చూశాడు. తప్పు టైరుదే అయితే లాగుడు రెండో పక్కకు మారాలి. మారలేదు.

చివరకు టైరు మీద అరచేయి రాయమన్నాడు. లోపలి నుంచి బయటికి రాస్తే నున్నగా, బయటి నుంచి లోపలికి రాస్తే గరుకుగా తగిలింది, రంపపు పళ్లలాగా. "టో పోయింది మాస్టారూ" అన్నాడు.

దగ్గరలోనే అలైన్‌మెంట్ యంత్రం ఉంది. చక్రాలకు బిగించిన పలకలను కెమెరాలు చూసి కోణాలు లెక్కగడతాయి. కాస్టర్‌ను నేరుగా చూడలేవు గనుక, చక్రాలను కుడికీ ఎడమకూ తిప్పించి, కాంబర్ ఎంత మారిందో చూసి దానిని లెక్కిస్తాయి. మా బండిలో కాస్టర్, కాంబర్ హద్దులలోనే ఉన్నాయి. ముందు చక్రాలు మాత్రం బయటికి విప్పారి ఉన్నాయి. టై రాడ్‌ను కొద్దిగా తిప్పి సరిచేశారు. ఆ తరువాత విజయవాడ దాకా మా బావమరిది స్టీరింగుతో కుస్తీ పట్టనక్కరలేకపోయింది.

ఆ మెకానిక్ చేసింది మీరు ప్రయోగశాలలో చేసేదే. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఫలితం చూసి, తరువాతే ఇంకొకటి ముట్టుకున్నాడు. మీ ఇంటి బండి గుంటలో గట్టిగా పడినా, ముందు చక్రాల భాగాలు మార్చినా కోణాలు కొలిపించమని పెద్దలకు చెప్పండి. ఈలోగా టైర్ల మీద ఒకసారి అరచేయి రాసి చూడండి. మీకేం తెలిసిందో రాసిపెట్టుకోండి.