మీ పనుల జాబితాను ప్రోగ్రామ్ చదివితే.. 21వ పని ఎక్కడికి పోతుంది?

రేపు పొద్దున్నే నంద్యాల నుంచి కుటుంబంతో బెలుం గుహలకు బయల్దేరుతున్నారనుకుందాం. 3,229 మీటర్ల పొడవైన ఈ గుహల్లో సందర్శకులకు తెరిచి ఉంచింది దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. పాతాళగంగ దగ్గరికి చేరేసరికి 150 అడుగుల లోతులో ఉంటారు. అక్కడ ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. అందుకే గూగుల్ టాస్క్స్‌లో రాసుకున్న పనుల్లో రేపు గడువున్నవన్నీ తెల్లారేసరికి మెయిల్‌కు వచ్చేలా చిన్న ప్రోగ్రామ్ పెట్టుకున్నారు. మెయిల్ వచ్చింది. నాన్నగారి పింఛను లైఫ్ సర్టిఫికెట్ మాత్రం అందులో లేదు!

ప్రోగ్రామ్ చెడిపోలేదు. అడిగినంతే తెచ్చింది. గూగుల్ టాస్క్స్ ఏపీఐని సంఖ్య చెప్పకుండా అడిగితే ఒక విడతలో 20 పనులే ఇస్తుంది. మీరు కోరితే 100 వరకు పెంచుతుంది. ఇంకా మిగిలి ఉంటే జవాబులో ‘తర్వాతి పేజీ’ టోకెన్ పెడుతుంది. దాన్ని పట్టుకుని మళ్లీ అడగాలి, టోకెన్ రావడం ఆగేదాకా. లైఫ్ సర్టిఫికెట్ 21వ స్థానంలో ఉందన్నమాట. అవుట్‌లుక్ వాడేవారికి మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌లోనూ ఇదే పద్ధతి: తర్వాతి పేజీ లింకు ఇస్తుంది, వెంట వెళ్లాల్సింది మనమే.

మరో చిక్కు. క్యాలెండర్‌లో పనులు కనిపిస్తున్నాయి కదా అని క్యాలెండర్ ఏపీఐని అడిగితే అవి రావు. కంటికి ఒకచోటే కనిపించినా దారులు వేరు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది గడువు సమయం. ‘సాయంత్రం 5 గంటలకు’ అని మీరు పెట్టుకున్నా, టాస్క్స్ ఏపీఐ తేదీ మాత్రమే చెబుతుంది. సమయం స్థానంలో అర్ధరాత్రి 00:00 ఉంటుంది, అదీ యూటీసీ లెక్కన. ప్రోగ్రామ్ దాన్ని మన సమయంలోకి మారిస్తే ప్రతి పనికీ ఉదయం 5:30 అని పడుతుంది. ఇదే ప్రోగ్రామ్‌ను డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు వాడితే తేదీ ఏకంగా ఒకరోజు వెనక్కి పోతుంది. కాబట్టి తేదీని సమయంగా మార్చకుండా ఉన్నదున్నట్టు తీసుకోండి. కౌంటర్ ఇన్ని గంటలకు మూసేస్తారన్న లెక్క ఉన్న పనులను టాస్క్‌గా కాక, క్యాలెండర్‌లో ఈవెంట్‌గా రాసుకోండి. ఈవెంట్‌కైతే గంట, నిమిషం కూడా వస్తాయి.

ఇదంతా మాకెందుకు, ఉచితంగా చేసిపెట్టే యాప్ ఉందిగా అంటారా? అనుమతి అడిగే తెరను ఒకసారి నిదానంగా చదవండి. జాబితా చూపించడానికి ‘చూడటం’ అనుమతి చాలు. మార్చడం, తొలగించడం కూడా కావాలంటే ఎందుకో ఆలోచించాల్సిందే. మనలో చాలామంది టాస్క్ కింద నోట్‌లో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు రాసి వదిలేస్తుంటారు. ఏటీఎం పిన్ రాసేవారూ లేకపోలేదు. ‘చూడటం’ అంటే వాటినీ చూడటమే. ముందు అవి చెరిపేయండి.

ఇప్పటికే ఇచ్చిన అనుమతులు గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగంలో, థర్డ్ పార్టీ యాప్‌ల జాబితాలో ఉంటాయి. వాడనివాటిని అక్కడే తొలగించవచ్చు. ఖాతా నుంచి డబ్బు పోయినట్లు గమనిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ ప్రోగ్రామ్ సంగతి. బయల్దేరే ముందు రాత్రి ఉత్తుత్తి పనులు 25 రాసి నడిపి చూడండి. మెయిల్‌లో 25 వస్తే సరే. 20 దగ్గర ఆగితే పేజీ టోకెన్ మరిచారు.