మట్టి లేని నారుకూ తెగులు తప్పదు

మదనపల్లె ప్రాంతంలో టమోటా నారు నేడు చాలాచోట్ల నారుమళ్ళలో కాదు, షేడ్‌నెట్ల కింద ట్రేలలోని కొబ్బరి పొట్టులో పెరుగుతున్నది. మట్టి లేదు గనుక తెగులు రాదనుకుంటే పొరపాటే.

నారుకుళ్ళు తెగులుకు తడి చాలు. దీనిని కలిగించే పితియం బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరు నుంచి వేరుకు పోతాయి. మొదలు మెత్తబడి నారు గుంపులుగా వాలిపోతుంది. కడగకుండా మళ్ళీ వాడిన ట్రేలు, మురికి నీరు, చెప్పులకంటిన మట్టి తెగులును లోపలికి తెస్తాయి. ట్రేలను బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానబెట్టి, కడిగి ఎండబెట్టాలి. నీరు ఉదయమే పెట్టాలి, ట్రేలలో నిలువరాదు.

తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ సంగతి వేరు. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. దోమ దూరని సన్నకన్నుల వలే నారుకు రక్ష. నర్సరీలో సోకిన జబ్బు పొలంలో నాటిన తరువాత బయటపడుతుంది. అప్పటికి ఎరువులకు, కూలీలకు, ఊతకర్రలకు పెట్టిన డబ్బు మట్టిపాలే.

కనుక నారు కొనే రైతు ధర ఒక్కటే అడిగి ఊరుకోరాదు. ఒక మొక్కను ట్రే నుంచి తీసి వేళ్ళు చూడాలి. తెల్లగా ఉంటే మంచి నారు. గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటే, ఎంత చవకైనా వద్దనడమే మేలు.