పెంపుడు జంతువులకు ఇంటివద్ద ఇన్సులిన్

మధుమేహం మానవులకు మాత్రమే వచ్చే వ్యాధి అని పలువురి భావన. కుక్కలకు, పిల్లులకు కూడ అది వస్తుంది. అతిగా నీరు త్రాగుట, మాటిమాటికి మూత్ర విసర్జన, బాగుగా తింటున్నా చిక్కిపోవుట దాని ముఖ్య లక్షణాలు. ఆ మాటకు వస్తే ఈ వ్యాధికి మందు దొరికింది కుక్కల మూలంగానే. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు క్లోమగ్రంథిని తొలగించిన కుక్కలకు క్లోమసారాన్ని ఎక్కించి, వాటి రక్తంలో చక్కెర తగ్గుటను గమనించారు. 1922 జనవరిలో ఆ మందును తొలిసారిగా ఒక బాలునికి ఇచ్చారు.

సూదిమందులన్నింటిని ఇంటివద్ద ఇవ్వవచ్చునని నేననను. కండరానికి ఇచ్చే సూది తొడ వెనుక నరానికి తగిలితే కాలు చచ్చుబడే ప్రమాదం ఉంది. అట్టివి వైద్యుని చేతి పని. ఇన్సులిన్ సంగతి వేరు. సాధారణంగా రోజుకు రెండు మారులు, పన్నెండు గంటల ఎడంతో, పెక్కు సందర్భాలలో జీవితాంతం ఇవ్వవలసి ఉంటుంది. ప్రతిదినం రెండుసార్లు పశువైద్యశాలకు పోవుట ఎవరికి సాధ్యం? కనుక వైద్యుని సమక్షంలో నేర్చుకొని ఇంటివారే ఇవ్వక తప్పదు.

ఇందులో అసలు ప్రమాదం సూది గుచ్చుటలో లేదు, కొలతలో ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు గాఢతలలో దొరుకుతాయి. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మరొకదానిలో 100 యూనిట్లు. దేని సిరంజి దానిదే. 40 సిరంజికి సాధారణంగా ఎర్రమూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. మా ఇంటి పిల్లికి వైద్యులు 100 రకం మందు రెండు యూనిట్లు నిర్ణయించారు. ఒకనాడు దుకాణంలో నాకు 40 సిరంజి ఇచ్చారు. నేనూ చూచుకొనలేదు. దానిలో రెండవ గీత వరకు తీస్తే 0.05 మిల్లీలీటరు వస్తుంది. అనగా 100 రకం మందులో అది ఐదు యూనిట్లు! ఉర్దూ తప్ప మరొక లిపి ఎరుగని మా దాదీ, మూత రంగు మారిందేమని అడుగబట్టి పిల్లి బ్రతికింది. నాటినుండి సీసాపై అంకెను, సిరంజిపై అంకెను పైకి చదివిన పిదపనే మందు తీస్తున్నాను.

మందును ఫ్రిజ్‌లో ఉంచాలి గాని గడ్డకట్టనీయరాదు. స్వచ్ఛంగా ఉండవలసిన మందు మసకబారితే పారవేయాలి. సిరంజిలో గాలిబుడగ ఉంటే ఆ మేరకు మందు తగ్గుతుంది కనుక వ్రేలితో తట్టి దానిని వెలుపలికి పంపాలి.

ముందు ఆహారం, తరువాతనే సూది. జంతువు తినకపోయినా, తిని కక్కినా, వైద్యుని అడుగకుండా మందు ఇవ్వరాదు. ప్రక్కటెముకల వైపున వదులుగా ఉండే చర్మాన్ని బొటనవ్రేలితో, చూపుడువ్రేలితో గుడారంలా పైకెత్తి, ఆ గుడారం అడుగున సూదిని మెల్లగా చొప్పించాలి. ప్రతిసారి చోటు మార్చుట మేలు. మరీ పైగా గుచ్చితే సూది ఆవలి వైపుకు వచ్చి మందు బొచ్చుపై పడుతుంది. చేతికి తడి తగిలితే సంగతి తెలుస్తుంది. అట్టి సమయంలో మరల ఇవ్వబోవుట పెద్ద పొరపాటు. ఎంత లోనికి పోయిందో మనకు తెలియదు. ఒక పూట చక్కెర పెరిగితే సాధారణంగా ప్రాణాపాయం లేదు. మితిమీరి తగ్గితే మాత్రం గంటలలో ప్రాణం పోవచ్చు.

తూలుట, వణకుట, నీరసించి పడిపోవుట, మూర్ఛ ఇవి చక్కెర తగ్గిన సూచనలు. వెంటనే తేనెనో, గ్లూకోజు నీటినో చిగుళ్ళపై రాచి వైద్యుని వద్దకు పరుగెత్తాలి. స్పృహలేని జంతువు నోట ద్రవాలు పోస్తే ఊపిరితిత్తులలోనికి పోతాయి. మూర్ఛలో ఉన్నప్పుడు నోటిలో వ్రేలు పెట్టరాదు, కరుస్తుంది.

వాడిన సూదిని చెత్తబుట్టలో వేస్తే మరునాడు మునిసిపాలిటీ కార్మికుని చేతికి గుచ్చుకొంటుంది. గట్టి డబ్బాలో కూర్చి పశువైద్యశాలలో అప్పగించాలి. మా ఇంట ఇందుకు ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను ప్రత్యేకించి, మూతపై ఉర్దూలోను తెలుగులోను ‘సూదులు’ అని వ్రాసి అంటించాము.