కోతపనివారికై ఒక్కప్రొద్దు

విభూది బుధవారమునాడు గురువు గత సంవత్సరపు మ్రానికొమ్మల ఆదివారమునాటి కొమ్మలను కాల్చిన బూడిదను విశ్వాసుల నొసట సిలువగా నుంచుటతో కతోలిక క్రైస్తవులకు తపస్కాలము ప్రారంభమగును. ఆనాటినుండి ఉత్థాన పండుగవఱకు, నడుమ వచ్చు ఆదివారములను విడిచి లెక్కించినచో, నలువది దినములు. ఈ దినములలో మన తెలుగు విచారణలయందు జరుగు సిలువమార్గము, మాంసవిసర్జనము, బీదసాదలకై కూడబెట్టు కానుక అందఱెఱిగినవే. కాని ఆ ఉపవాస ప్రార్థనలకు గల ఉద్దేశములలో ఒకటి, మఠములలోను గురువిద్యాలయములలోను తప్ప అంతగా వినబడనిది, దైవపిలుపులకై చేయు ప్రార్థన. అనగా యువతీయువకులలో కొందఱు గురుత్వమునకో మఠజీవితమునకో ముందుకు రావలెనని భగవంతుని వేడుట.

కొఱవడిన ఉద్యోగులను పత్రికాప్రకటనచే రాబట్టుకొనుట లోకమర్యాద. పిలుపు విషయమున శ్రీసభ నమ్మిక వేఱు. పంట విస్తారమనియు పనివారు కొలదియనియు పలికిన క్రీస్తు, అందులకు శిష్యులకు చూపిన యుపాయము పంటయజమానుని వేడుకొనుటయే. పండ్రెండుగురు శిష్యులను ఎన్నుకొనుటకు ముందటి రాత్రియంతయు ఆయన కొండపై ప్రార్థనలో గడపెనని లూకా సువార్త తెలుపుచున్నది. దానికి ఉపవాసము జతపడిన వైనము అపోస్తలుల కార్యములలో కానవచ్చును. అంతియోకియా సంఘమువారు ఉపవసించి ఆరాధించుచున్న వేళ, బర్నబాను సౌలును తన పనికై ప్రత్యేకింపుడని పవిత్రాత్మ యానతిచ్చెను. వారు మఱల ఉపవసించి, ప్రార్థించి, ఆ యిరువురిపై చేతులుంచి సాగనంపిరి. పోవువారే కాక పంపువారును పస్తుండిరన్నది ఇచట గమనింపదగినది.

ఈ యాచారము చిరకాలము నిలిచినది. రోమునగరమున సంవత్సరమునకు నాలుగు పర్యాయములు, ఒక్కొక్క వారమున బుధ, శుక్ర, శనివారములందు ఉపవాసము పాటించెడివారు. అందొకటి తపస్కాలపు మొదటి ఆదివారము తరువాతి వారమున వచ్చెడిది. 494వ సంవత్సరమున మొదటి గెలాసియుసు పోపుగారు ఈ ఉపవాసవారముల శనివారములను గురుపట్టాభిషేకములకు నిర్ణయించినది మొదలు, సంఘమంతయు అర్ధాహారముతో తమకు రానున్న గురువుకొఱకు ప్రార్థించుట పరిపాటియయ్యెను. 1969 నాటి పంచాంగ సంస్కరణతో ఈ దినముల నిర్ణయము ఆయా దేశముల మేత్రాణుల కప్పగింపబడి, పెక్కు చోట్ల వాడుక సన్నగిల్లినది. నాకు తోచినంతలో ఇది స్వల్పనష్టము కాదు. నేటికిని పట్టాభిషేకమునాడు అభ్యర్థి తెల్లని వస్త్రముతో బలిపీఠము ముందఱ బోరగిల పరుండగా, జనులు పునీతుల నామములను ఒక్కొక్కటిగా గానముచేసి వారి సహాయమును అర్థింతురు. చూచువారికి ఒడలు పులకరించు ఘట్టమది. పూర్వము ఆ కొలది నిమిషముల వేడికోలు వెనుక మూడు దినముల పస్తు ఉండెడిది.

ఉపవాసమనగానే మనకు మొక్కు స్ఫురించుట సహజము. కోరిక తీరినచో తలనీలాలిత్తుమని మొక్కుకొనుట మన దేశమున సర్వసాధారణము. గుణదల మేరీమాత తిరునాళ్ళలో అట్లు సమర్పించు కతోలికులును కలరు. కాని మొక్కుబడిలో కోరినది మన యింటికి వచ్చును. పిలుపుకై చేయు ఉపవాసము ఫలించినచో మన యింటినుండియే ఒకరు వెడలిపోవలసి యుండును. పొరుగువాని కుమారుడు గురువు కావలెనని ప్రార్థించుట సులభము. తన కుమారుని పేర ఆ ప్రార్థన చేయుటకు తల్లి గుండె తడబడును. ఒకపూట అన్నము మానుటలో అలవడు త్యాగము ఈ పెద్ద త్యాగమునకు అభ్యాసమని నా యభిప్రాయము.

ఆ తడబాటును దాటిన తల్లులకు ప్రసిద్ధినందిన యూరొకటి ఇటలీ దేశపు పీడ్‌మాంటు ప్రాంతమున కలదు. దాని పేరు లూ. కొన్నివేల జనాభా గల పల్లె. 1881వ సంవత్సరమున అచటి తల్లులు కొందఱు, విచారణ గురువులు అలెస్సాండ్రో కానోరాగారి ప్రోద్బలమున, ప్రతి మంగళవారము దివ్యసత్ప్రసాద ఆరాధనకై కూడి, తమ బిడ్డలలో ఎవరికైనను పిలుపు కలుగవలెనని ప్రార్థింపసాగిరి. నెలలో మొదటి ఆదివారము అదే యుద్దేశముతో సత్ప్రసాదమును స్వీకరించిరి. తాము మంచి తల్లులుగా మెలగవలెననియు వేడుకొనిరి. ఆ యూరినుండి కాలక్రమమున 152 మంది గురువులు, 171 మంది మఠకన్యలు, మొత్తము 323 మంది బయలుదేరిరి. 1946లో వారిలో పెక్కురు స్వగ్రామమున కలిసికొని తీయించుకొన్న ఛాయాచిత్రము నేటికిని ప్రచారమునందున్నది.

ఈ లెక్కను చూచి ఇంత ప్రార్థనకు ఇంత ఫలమని గణితము వేయుట సరికాదు. ఆ కాలమున ఆ సీమలో కుటుంబములు పెద్దవి. టొరినోలో సలేషియను సభాస్థాపకులు డాన్ బోస్కోగారి సేవ ఆ చుట్టుపట్ల పల్లెల బాలుర నాకర్షించుచుండెను. 1856లో లూలో జన్మించి, పిమ్మట డాన్ బోస్కోకు మూడవ వారసుడై సలేషియను సభను నడపిన ఫిలిప్పు రినాల్డిగారు ఆ తల్లులు కూడుకొనుటకు ముందే ఇల్లు విడిచినవారు. ఐనను వారమువారము తల్లి దేని కొఱకు మోకరించుచున్నదో ఎఱిగిన బిడ్డ, తనలో కలిగిన కోరికను ఇంట చెప్పుటకు వెఱవడు. చెప్పినప్పుడు ఇంటివారు అడ్డుపడరు. ఇంతమట్టుకు కార్యకారణ సంబంధము సందేహింపరానిది.

పిలుపులకై ప్రార్థన ఆ పల్లెతో ఆగలేదు. సిసిలీ ద్వీపమున మెస్సీనా నగరపు పేదవాడలో అనాథబాలలను సాకిన హన్నిబాలు దిఫ్రాన్సియాగారు (1851–1927) పిలుపులకై ప్రార్థించుటనే వ్రతముగా స్వీకరించు సన్యాససభను 1897లో స్థాపించిరి. 2004లో ఆయనకు పునీతపట్టము లభించినది. ఆరవ పౌలు పోపుగారు ఈ ప్రార్థనకై 1964లో లోకమంతటికిని ఒక దినమును ఏర్పఱచిరి. అది ఇప్పుడు పాస్కా కాలపు నాలుగవ ఆదివారమున జరుగుచున్నది.

ఉపవాసనియమము నేడు మిక్కిలి తేలిక. 18 ఏండ్లు నిండినవారు మొదలు 59 నిండువఱకు, విభూది బుధవారమునను పవిత్ర శుక్రవారమునను ఒక్కపూట కడుపునిండ భుజించి, మిగిలిన రెండు పూటల కొలదిగా తినవచ్చును. వ్యాధిగ్రస్తులకు, గర్భిణులకు మినహాయింపు కలదు. అంతకు మించినది ఎవరి యిచ్చ వారిది. అయితే నియమము తేలికయైన కొలది కోరిక బరువెక్కినది: లూ పల్లెలో తల్లి పలువురు బిడ్డలలో ఒకరిని ఇచ్చుకొన్నది; ఒక్కడే కుమారుడు గల నేటి తెలుగు తల్లి తపస్కాలపు శుక్రవారమునాడు ఇదే ప్రార్థన చేసినచో, ఆమె అర్పించునది ఆ లెక్కలలో ఇమడదు.