అబిడ్స్‌లో ఆదివారం.. అగ్గువకే పుస్తకం!

కొత్తకోటలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నంలోపు హైదరాబాద్‌లో దిగొచ్చు. ఆదివారమైతే నేరుగా అబిడ్స్ వెళ్లండి. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి.

పోటీ పరీక్షల పుస్తకం కొంటున్నారా? ముందు ముద్రణ ఏడాది చూడండి. పాత కరెంట్ అఫైర్స్ ఎంత అగ్గువైనా దండగే! పేజీలన్నీ ఉన్నాయా, చెదలు పట్టిందా అన్నదీ తిప్పి చూడండి. రెండు మూడు కలిపి బేరమాడితే రేటు తగ్గొచ్చు.

చరిత్ర, సాహిత్యం మాత్రం పాతబడవు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మన గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. ఇలాంటివాటి పాత ముద్రణ కనిపిస్తే వదలొద్దు. ఎవరూ కొనని పుస్తకం చివరికి తూకానికే పోతుంది.

దొరకలేదా? దగ్గర్లోనే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో మొదలైన గ్రంథాలయం. వచ్చేటప్పుడు సంచి మరిచిపోకండి!