రెండు తాళాలు, గిల్టు గొలుసు

తాకట్టు బంగారం దాచే ఇనప్పెట్టెకు రెండు తాళాలుంటాయి. ఒకటి మేనేజరు దగ్గర, ఇంకొకటి క్యాషియరు దగ్గర. ఇద్దరూ వస్తే గాని పెట్టె తెరుచుకోదు. బ్యాంకువాళ్లు దీన్ని జాయింట్ కస్టడీ అంటారు. కొన్నేళ్ల కిందట ఆడిట్ పని మీద ఒక చిన్న బ్యాంకు శాఖకు వెళ్లినప్పుడు వాళ్ల రిస్క్ రిజిస్టరు చూశాను. అందులో ఒక వరుస ఇలా ఉంది: ‘రిస్క్: తాకట్టు బంగారం వల్ల నష్టం. కంట్రోల్: జాయింట్ కస్టడీ. స్థితి: పచ్చ.’

ఆ మధ్యాహ్నమే కొన్ని పొట్లాలు విప్పించాం. ఒక గొలుసు తూకం కాగితంలో రాసినట్టే ఉంది, సీలూ చెక్కుచెదరలేదు. నగల విలువ కట్టడానికి బయటినుంచి పిలిపించిన అప్రైజరు దాని కొక్కెం దగ్గర గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేశాడు. గీత నిలిచింది. ఆయన అక్కడితో ఊరుకోలేదు. మధ్యలో ఒక లింకును ఆకురాయితో కాస్త అరగదీసి, ఆ చోట మళ్లీ గీశాడు. ఈసారి చుక్క పడగానే గీత కరిగిపోయింది. పైన పూత, లోపల రాగి.

తాళాలు రెండూ తమ పని తాము చేశాయి. కానీ ఆ గొలుసు పెట్టెలోకి వచ్చిందే గిల్టుగా. లోపలున్నది బయటికి పోకుండా చూడటం వరకే తాళం పని, లోపలికి వస్తున్నది ఏమిటో చూడటం దాని చేతిలో లేదు. రిజిస్టరు రాసినవాళ్లు ఈ రెండింటినీ ఒకే వరుసలో కలిపేశారు.

ఇప్పుడు చాలా కంపెనీలు, బ్యాంకులు ఇలాంటి రిజిస్టర్లను సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటున్నాయి. గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్ అనే మూడు మాటల్నీ కలిపి దాన్ని జీఆర్‌సీ సాఫ్ట్‌వేర్ అంటారు. దాని లోపల ఉండేది పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఒక జాబితాలో రిస్కులు, అంటే జరగకూడనివి, జరిగితే నష్టం తెచ్చేవి. ఇంకో జాబితాలో కంట్రోళ్లు, అంటే అవి జరగకుండా, లేదా జరిగితే వెంటనే బయటపడేలా మనం చేసుకున్న కట్టుదిట్టాలు. ఈ రెండు జాబితాల మధ్య గీతలు. ఒక రిస్కుకు పది కంట్రోళ్లు ఉండవచ్చు, ఒకే కంట్రోలు పది రిస్కులకు కాపలా కాయవచ్చు. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు మూసేయాలన్న నియమం అలాంటిది. అది తప్పితే డేటా చోరీ నుంచి దొంగ చెల్లింపుల దాకా ఎన్నో రిస్కులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. గీతలు సరిగ్గా గీసి ఉంటే, ఆ ఒక్క కంట్రోలు పరీక్షలో తప్పగానే ఆ రిస్కులన్నీ తెరమీద రంగు మారుస్తాయి. నిజానికి ఈ సాఫ్ట్‌వేర్ కొనేది ఇందుకే.

ఇబ్బంది ఏమిటంటే, గీత గీయడం మరీ సులువు. ఒక గడిలో టిక్కు పెడితే చాలు. అందుకే అన్నిటికీ అన్నిటినీ కలిపేస్తారు. సమాచార భద్రతకు ఐఎస్‌ఓ 27001 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2022 నాటి కూర్పులో దాని అనుబంధంలో 93 కంట్రోళ్లున్నాయి. ఆ ప్రమాణం చెప్పే వరస ఇది: ముందు మీ రిస్కులు తేల్చుకోండి, వాటికి కావలసిన కంట్రోళ్లు ఎంచుకోండి, ఏదీ మరిచిపోలేదు కదా అని ఆ తర్వాత అనుబంధంతో పోల్చి చూసుకోండి, దేన్ని ఎందుకు తీసుకున్నారో, దేన్ని ఎందుకు వదిలారో రాయండి. ఆఫీసుల్లో తరచూ జరిగేది దీనికి తలకిందులు. ముందు 93 కంట్రోళ్లనూ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు, తర్వాత వాటికి తగిన రిస్కుల కోసం వెతుకుతారు. ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా మిగులుతుంది. నా దృష్టిలో మిగతా అన్ని గడులకన్నా విలువైనది ఆ ఒక్క గడే.

2018లో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు వ్యవహారం దీనికి పెద్ద పాఠం. వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీకి సంబంధించిన సంస్థలకు ముంబైలోని బ్రాడీ హౌస్ శాఖ నుంచి హామీపత్రాలు వెళ్లేవి. వీటిని లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనేవారు. ‘ఈ వ్యాపారికి అప్పివ్వండి, ఆయన కట్టకపోతే మేం కడతాం’ అని విదేశాల్లో ఉన్న ఇతర భారతీయ బ్యాంకుల శాఖలకు మాట ఇవ్వడమన్న మాట. ఆ మాట వెళ్లేది స్విఫ్ట్ అనే సందేశాల నెట్‌వర్క్ ద్వారా. బ్యాంకు పద్దులన్నీ ఉండేది కోర్ బ్యాంకింగ్ అనే వేరే వ్యవస్థలో. ఆ రెండింటికీ అప్పట్లో అక్కడ అనుసంధానం లేదు. స్విఫ్ట్‌లో పంపిన హామీని మనిషే కోర్ బ్యాంకింగ్‌లో చేత్తో ఎక్కించాలి. ఎక్కించలేదు.

కోర్ బ్యాంకింగ్ చుట్టూ కంట్రోళ్లు ఎన్నో ఉంటాయి: ఖాతాదారుకు రుణ పరిమితి, రోజు ముగియగానే పద్దుల సరిపోలిక, ఆడిటర్లు చూసే నివేదికలు. కానీ అవన్నీ పుస్తకంలో ఉన్నవాటినే చూస్తాయి. పుస్తకంలోకి అసలు రానిదాన్ని ఏ సరిపోలికా పట్టుకోలేదు. స్విఫ్ట్‌లో ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూసి పంపాలన్న నియమం ఉంటుంది. ఆ ఇద్దరూ కుమ్మక్కయినా, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరి చేతికి వచ్చినా ఆ నియమం కాగితం మీదే మిగులుతుంది. 2018 జనవరిలో ఆ సంస్థలు కొత్త హామీ కోసం వచ్చాయి. అంతకుముందు హామీలు పంపిన అధికారి అప్పటికే రిటైరయ్యారు. కొత్తగా వచ్చినవాళ్లు నూరు శాతం నగదు మార్జిన్, అంటే హామీ మొత్తానికి సమానమైన డబ్బు ముందే, అడిగారు. ఇదివరకు అలా అడగలేదే అన్నారు వచ్చినవాళ్లు. శాఖ రికార్డుల్లో చూస్తే ఆ ‘ఇదివరకు’ జాడే లేదు. అలా తీగ లాగితే డొంకంతా కదిలింది. ఫిబ్రవరి 14న బ్యాంకు ప్రకటించిన మొత్తం సుమారు 11,400 కోట్ల రూపాయలు, తర్వాత అది 13,000 కోట్లు దాటింది.

స్విఫ్ట్ దుర్వినియోగం కావచ్చని 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించామని రిజర్వు బ్యాంకు ఆ ఫిబ్రవరిలోనే తెలిపింది. అంటే రిస్కు ఎవరికీ తెలియనిది కాదు. కంట్రోళ్లూ లేకపోలేదు. వాటి మధ్య గీత లేదు.

మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లోనూ ఇలాంటి చిక్కే. 2009 జనవరి 7 నాటి లేఖలో దాని ఛైర్మన్ రామలింగరాజు లేని నగదు 5,040 కోట్లని ఒప్పుకున్నారు. బ్యాంకు నిల్వ నిజమా కాదా తేల్చే కంట్రోలు పాతదే: బ్యాంకు నుంచి ఆడిటరుకు నేరుగా వచ్చే ధ్రువీకరణ పత్రం. ‘నేరుగా’ అన్న మాటలోనే దాని బలమంతా ఉంది. పత్రం కంపెనీ చేతుల మీదుగా వస్తే, ఎవరు అబద్ధం చెప్పవచ్చని మన అనుమానమో వాళ్ల చేతే సాక్ష్యం తెప్పించుకున్నట్టు. అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో సత్యం ఆడిట్ సంస్థను తప్పుపట్టింది ముఖ్యంగా ఇక్కడే. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, అంతర్గత ఆర్థిక కంట్రోళ్లు సరిగ్గా పనిచేస్తున్నాయని లిస్టెడ్ కంపెనీల డైరెక్టర్లు రాసివ్వాలంది.

అందుకే గీత గీసే ముందు ఒక వాక్యం రాయమంటాను: ‘ఈ కంట్రోలు ఈ రిస్కును ఫలానా చోట, ఫలానా విధంగా ఆపుతుంది, ఫలానాది జరిగితే ఆపలేదు.’ ఈ వాక్యం రాయలేకపోతే ఆ గీత అక్కడ ఉండకూడదు. ఇంకో సంగతి కూడా చూడాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో కంట్రోళ్ల సంఖ్య పెరిగే కొద్దీ మిగిలే రిస్కు మార్కు తగ్గేలా లెక్క కట్టుకుంటారు. మూడు కంట్రోళ్లూ ఒకే మనిషి మీద ఆధారపడి ఉంటే అవి మూడు కావు, ఒకటే. ఆ గిల్టు గొలుసు దొరికిన శాఖలో నగ విలువ కట్టిందీ ఒకే అప్రైజరు, ఆరు నెలలకోసారి మళ్లీ పరీక్షించిందీ ఆయనే. ఆయనకు కమీషన్ ఇచ్చేది అప్పు తీసుకునే మనిషి.

ఆ సాయంత్రం మేనేజరు గారితో కూర్చుని ఆ ఒక్క వరుసను నాలుగు చేశాం. జాయింట్ కస్టడీని ‘పెట్టెలోంచి దొంగతనం’ పక్కకు మార్చాం. ‘ధర పడిపోవడం’ ఎదుట అప్పుకూ నగ విలువకూ మధ్య ఉంచే మార్జిన్ రాశాం. ‘గిల్టు నగ’ ఎదుట వేరే శాఖ అప్రైజరు చేత, బ్యాంకు ఖర్చుతో, చెప్పకుండా చేయించే పరీక్ష రాశాం. నాలుగోది ‘దొంగసొత్తు తాకట్టు’. నగ నాదేనని ఖాతాదారు సంతకం పెట్టే పత్రం ఉంది కదా అన్నారాయన. దొంగసొత్తు తెచ్చినవాడు దాని మీదా సంతకం పెడతాడు కదండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఆ గడిని ఖాళీగా వదిలారు. వరుస ఎర్రగా మారింది.

“పైవాళ్లు అడుగుతారండీ” అన్నారు.

అడగాలనే అలా వదిలామని చెప్పాను.