దగ్గరైన న్యాయద్వారం

టాటానగర్ స్టేషన్‌ను ఆనుకొని ఉన్న బాగ్‌బేరాలో రైల్వే ఉద్యోగుల తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడ ఒక చిరుద్యోగి కొలువు పోతే ఎవరిని ఆశ్రయించాలి? 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం హైకోర్టు తలుపు మూసివేసింది. ట్రిబ్యునల్ కాదంటే మిగిలింది ఢిల్లీలోని సుప్రీంకోర్టే. ఇక్కడి వ్యాజ్యం చిరుద్యోగికి ఎంత భారమో ఈ నగరవాసినైన నాకు తెలియనిది కాదు.

ఆ చట్టానికి ఆధారమైన రాజ్యాంగ నిబంధనను 1993లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తోసిపుచ్చింది. 1997 మార్చి 18న చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు సప్తసభ్య ధర్మాసనం సైతం హైకోర్టుల న్యాయసమీక్షాధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని ప్రకటించింది. నేడు బాగ్‌బేరా ఉద్యోగి ట్రిబ్యునల్ తీర్పుపై రాంచీలోని హైకోర్టుకే వెళ్లవచ్చు. హైకోర్టు తానే అధికారి పీఠమెక్కదు. విచారణ సక్రమంగా జరిగిందా అని మాత్రమే అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగేవారు అందుబాటులో ఉండడమే చిరుద్యోగికి రక్షణ అని నా విశ్వాసం.